పాసయ్యే నంబరు

ఆసుపత్రిలో ఎక్స్‌రే గదికీ ఉతికిన దుప్పట్లు పెట్టే గదికీ మధ్య ఒక ఇరుకు గది ఉంది. అందులో పదకొండేళ్ళుగా కూర్చుంటున్న ఆమెని అందరూ నంబర్లక్క అంటారు. డాక్టర్లు కాగితం మీద గీకిన జబ్బుల పేర్లని ఇన్సూరెన్స్ కంపెనీకి అర్థమయ్యే నంబర్లుగా మార్చి పంపడం ఆమె ఉద్యోగం. కంపెనీకి దగ్గు తెలియదు, ఆయాసం తెలియదు, గోడకి ఆనుకుంటే తప్ప నిద్రపట్టని మనుషులుంటారని అసలే తెలియదు. దానికి తెలిసిందల్లా ఒక అక్షరం, దాని వెనక కొన్ని అంకెలు. అవి దానికి నచ్చితే తెర మీద పచ్చ గీత వస్తుంది, రోగి మంచం మీద ఉంటాడు. నచ్చకపోతే ఎర్ర గీత వస్తుంది, రోగి చెప్పులేసుకుంటాడు.

సోమవారం పొద్దున్నే ఆ గదిలోకి గ్రాఫులమ్మాయి వచ్చింది. అసలు పేరు వేరే ఉంది, మెడలో వేలాడే కార్డు మీద పెద్దక్షరాల్లో కూడా ఉంది, కానీ వచ్చిన మర్నాటికే ఆసుపత్రి ఆమెకి ఈ పేరు పెట్టేసింది. ఇన్సూరెన్స్ రికార్డులు లక్షల్లో తెప్పించుకుని, ఏ పేటలో ఏ జబ్బు ఎక్కువ, దేనికి ఏ వైద్యం జరుగుతోంది అని బొమ్మలు గీసి చెప్పడం ఆమె పని. ముప్పై దాటని మనిషి. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా, "మీరు పని చేసుకోండి, నేను పక్కన నిలబడి చూస్తాను" అంది. ఆ ఒక్క మాటకే నంబర్లక్కకి ఆమె నచ్చింది. ఆ గదికి వచ్చే పెద్దలెవరూ ఆమె పనిని చూడటానికి రారు, తొందరపెట్టడానికి వస్తారు.

నంబర్లక్క డిశ్చార్జి కాగితాన్ని కాస్త ఏటవాలుగా పట్టుకుంది. ఎముకల డాక్టరు రాత అలా పట్టుకుంటేనే కనిపిస్తుంది. ఎడంచేతి చూపుడువేలు కాగితం మీద ఉంచి, కుడిచేత్తో మూడక్షరాలు కొట్టింది. తెర మీద జాబితా జారింది. కళ్ళు తిప్పకుండానే కిందికి పదకొండు సార్లు నొక్కి ఆగింది.

"చూడకుండా ఎలా ఆపారండీ?" అంది గ్రాఫులమ్మాయి.

"పదకొండోది తుంటి ఎముక. పన్నెండోది తొడ ఎముక. పొరపాటున పన్నెండు నొక్కితే ముసలాయనకి వేరే ఎముక విరుగుతుంది."

అమ్మాయి పకపకా నవ్వింది. తర్వాత ల్యాప్‌టాప్ తెరిచి ఫైళ్ళ బండి మీద పెట్టింది. "మీరు చేసే పని చివరికి ఎలా కనబడుతుందో చూస్తారా?" అని ఒక పటం చూపించింది. ఊరంతా చిన్న చిన్న గడులు. ఒక గడి మాత్రం నెత్తురంత ఎర్రగా ఉంది.

అది రాళ్ళ షెడ్ల పేట. వంటింటి గట్లకి వేసే రాతి పలకల్ని కోసి, అంచులు అరగదీసి, నునుపు చేసే షెడ్లు అక్కడ నలభై దాకా ఉన్నాయి.

"ఈ పేటలో నిమ్ము చూడండి, మిగతా ఊరికంటే నాలుగు రెట్లు. వయసులో ఉన్న మగవాళ్ళకి ఇంత న్యుమోనియా ఏమిటి? ఇళ్ళల్లో చెమ్మేమో అనుకుంటున్నాను. ఇంకా వింత చెప్పనా? షెడ్ల వాళ్ళు రాతిపొడి వల్ల ఊపిరితిత్తులు పోతున్నాయని లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టారు కదా. ఆఫీసు వాళ్ళు నన్ను తేల్చి చెప్పమన్నారు. ఏడేళ్ళ రికార్డులు, నాలుగు ఆసుపత్రులు, అన్నీ తిరగేశాను. రాతిపొడి జబ్బు ఎన్ని కేసులో తెలుసా?"

నంబర్లక్క తెలియదన్నట్టు తల ఊపింది. తెలుసు.

"సున్నా" అంది గ్రాఫులమ్మాయి. "ఒక్కటంటే ఒక్కటి లేదు. శుక్రవారం విచారణ. అదే చెప్పాలి."

నంబర్లక్క చెయ్యి తనంతట తనే కదిలి, బల్ల మీదున్న రబ్బరు బ్యాండు వేసిన నోటుబుక్కుని ఫైళ్ళ కిందికి తోసింది. ఆ పుస్తకంలో ఎడమవైపు డాక్టర్లు రాసే మాటలు, కుడివైపు ఏ నంబరు వేస్తే పాసవుతుందో ఆ నంబరు. ఏళ్ళ తరబడి ఎర్ర గీతలు తిని నేర్చుకున్న విద్య అది. మిగతా మూడు ఆసుపత్రుల్లో ఈ పని చేసేవాళ్ళు వచ్చి దాన్ని జిరాక్సు తీసుకెళ్ళారు. అప్పట్లో ఆమెకి అది గొప్పగానే ఉండేది.

గ్రాఫులమ్మాయి టీ తాగడానికి వెళ్ళింది. ఆ వెంటనే కిటికీ దగ్గరికి ఒకామె వచ్చి నిలబడింది. షెడ్డు కార్మికుడి భార్య. చేతిలో ఫైలు, ఫైలు మీద బొటనవేలి చెమట మచ్చ.

"అక్కా, ఆయనది పాసవుతుందంటావా?"

ఛాతీ డాక్టరు రాసింది నంబర్లక్క చదివింది. రెండు ఊపిరితిత్తుల్లోనూ గట్టిపడిన మచ్చలు. రాతి కోత పని, పద్నాలుగేళ్ళు. దానికి జాబితాలో అసలైన నంబరు ఒకటుంది, ఆమెకి కంఠతా వచ్చు. కానీ అది పని వల్ల వచ్చే జబ్బు. పని వల్ల వచ్చే జబ్బుకి మేం ఇవ్వం, యజమాని ఇవ్వాలి అంటుంది ఇన్సూరెన్స్ కంపెనీ. అసలు అలాంటి జబ్బే లేదంటాడు యజమాని. ఈ ఇద్దరూ ఇంత మర్యాదగా ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ ఉంటే మధ్యలో మనిషికి ఊపిరాడదు.

నంబర్లక్క నిమ్ము నంబరు కొట్టింది. నాలుగు నిమిషాల్లో పచ్చ గీత వచ్చింది.

"నీ కడుపు చల్లగా" అని ఆవిడ పరుగులాంటి నడకతో వార్డు వైపు పోయింది. ఎప్పుడూ ఆ మాట వింటే నంబర్లక్కకి ఒక పూట హాయిగా ఉండేది. ఇవాళ ఆ ఫైలు మూసి అన్నిటికంటే అడుగున పెట్టింది.

*

సాయంత్రం డ్యూటీ దిగి తిన్నగా అన్నయ్య ఇంటికి వెళ్ళింది. అతను షెడ్డులో పలకల అంచులు కోసేవాడు. ఇప్పుడు రంపం బరువు పట్టలేక అదే షెడ్డులో సరుకు చీటీలు రాసే పనిలో ఉన్నాడు. అదీ వారానికి మూడు రోజులు.

గోడకి రెండు దిళ్ళు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. మాట్లాడే ముందు గాలి పోగేసుకోవడం, మాట మధ్యలో ఆపి మళ్ళీ పోగేసుకోవడం అతనికి అలవాటైపోయింది. ఇంట్లో వాళ్ళకీ అలవాటైపోయింది. అతను ఆగినప్పుడు ఎవరూ మాట అందివ్వరు, అందిస్తే కోపం.

"వచ్చావా. రా. శుక్రవారం... సెలవు పెట్టుకో."

"ఎందుకన్నయ్యా?"

"విచారణ కదే. ఇన్నాళ్ళూ మనం దగ్గి చూపిస్తే... నాటకాలన్నారు. ఎక్స్‌రే చూపిస్తే... సిగరెట్లు అన్నారు. ఇప్పుడు లెక్కలొస్తున్నాయి." అతని మొహం వెలిగిపోతోంది. "ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర... మన పేట పేటంతా ఎన్నిసార్లు ఆసుపత్రిలో పడిందో... మొత్తం ఉంటుందట. ఆ లెక్క తీయించమని అర్జీలో రాయించింది ఎవరనుకున్నావు?"

"ఎవరు?"

"నేనే."

వదిన వంటింటి గుమ్మంలోంచి, "ఆ ముక్క పొద్దుట్నుంచి పదిమందికి చెప్పారు. కాస్త ఊపిరి దాచుకోమంటే వింటేగా" అంది. విసుక్కున్నా ఆమె గొంతులో గర్వం ఉంది. "రుజువైతే రంపాలకి నీళ్ళ గొట్టాలు పెట్టి తీరాలట. అప్పుడు పొడి లేవదట. పడిపోయినవాళ్ళకి వైద్యం జన్మంతా యజమానులే చేయించాలట. నిజమేనా అమ్మాయీ? నీకు తెలిసే ఉంటుందిగా."

"నిజమే వదినా."

"కంప్యూటరు అబద్ధం చెప్పదు కదే" అన్నాడు అన్నయ్య. "దానికి యజమాని... చుట్టమా? మనం చుట్టమా?"

అతను ఆసుపత్రిలో పడింది ఐదుసార్లు. ఐదుసార్లూ నిమ్ము అని వేసింది తోడబుట్టిన తనే. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నంబర్లక్క నేలకేసి చూస్తూ కూర్చుంది. చెబుదామని నోరు తెరిచింది, టీ బాగుంది వదినా అని మూసేసింది.

*

మంగళవారం ముందుగా ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. పెద్దమనిషి, చేతులు కడుక్కుంటూ విన్నాడు. విన్నాక ఇంకోసారి కడుక్కున్నాడు.

"నేనెప్పుడూ అబద్ధం రాయలేదమ్మా. మచ్చలున్నాయని రాశాను. ఏం పని చేస్తాడో రాశాను. నంబరు వేసింది ఎవరు?"

"పాసయ్యేలా చూడమన్నది మీరే కదండీ."

"పాసయ్యేలా చూడమన్నాను. ఇలా చూడమన్నానా?" ఆయన తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. "రాతి పని వల్లే అని నా చేత్తో రాసిస్తే రేపు ప్రతి షెడ్డు యజమానీ నన్ను కోర్టుకి లాగుతాడు. నాకు అరవై రెండేళ్ళు. వెళ్ళమ్మా, బయట పేషెంట్లున్నారు."

నంబర్లక్కకి ఒళ్ళు మండిపోయింది. కానీ ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. నంబరు వేసింది తనే.

గ్రాఫులమ్మాయికి ఆసుపత్రి వాళ్ళు మేడ మీద పాత మీటింగు గది ఇచ్చారు. నంబర్లక్క నోటుబుక్కు తీసుకెళ్ళి ఆమె ముందు పెట్టి, రబ్బరు బ్యాండు తీసి, పేజీ తిప్పి చూపించింది. ఏమీ దాచలేదు. చెబుతున్నంతసేపూ బ్యాండుని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

గ్రాఫులమ్మాయి మొహంలో రంగు మారింది. ఆ పేజీలు చివరిదాకా తిప్పి చూసింది.

"నాలుగు ఆసుపత్రులూ ఇదే చూసి వేశాయా?"

"ఇదే."

"అయితే నా ఎర్ర గడి..."

"నిమ్ము కాదమ్మా. ఆ గడంతా రాతిపొడే."

అమ్మాయి లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చింది. "ఇది నా రిపోర్టులో రాశాననుకోండి. ముందు కంపెనీ ఏం చేస్తుంది?"

ఆ ప్రశ్న నంబర్లక్క రాత్రంతా వేసుకుంది. "ఏడేళ్ళ ఫైళ్ళన్నీ మోసం కింద తిరగదోడుతుంది. ఇచ్చిందంతా కక్కమంటుంది. పోయినవాళ్ళ పెళ్ళాల్ని కూడా వదలదు. నా ఉద్యోగం పోతుంది, అది పోనీండి. ఆ పేటలో మూడు వందల ఇళ్ళ మీద దొంగలన్న ముద్ర పడుతుంది."

"అవును. పైగా, ఈ నంబర్లు తప్పు, నా మాట నమ్మండి అంటే, మరి నిజం ఎన్ని అని అడుగుతారు. నా దగ్గర జవాబు లేదు. రికార్డులో ఉన్నదే నేను చెప్పగలను." ఆమె నుదురు నొక్కుకుంది. మంచి పిల్ల, ఆమె బాధ నటన కాదు. కాసేపటికి తలెత్తింది. "ఒక దారి ఉంది. గురువారం సాయంత్రం కంపెనీ నాకు ఆఖరి ఫైలు పంపుతుంది. అప్పటిదాకా వచ్చినవన్నీ అందులో ఉంటాయి. ఒక్క కేసు, ఒక్కటే ఒక్కటి అసలు నంబరుతో వచ్చిందనుకోండి, నేను సున్నా అని రాయలేను. ఉంది అని రాయాలి. ఉంది అని తేలితే డాక్టర్ల బృందాన్ని పంపి షెడ్లలో అందరినీ పరీక్ష చేయించమని అడగొచ్చు. పాతవి తవ్వక్కర్లేదు."

"ఒక్కటి చాలా?"

"సున్నాకీ ఒకటికీ చాలా దూరం అక్కా."

అక్కా అని ఆమె మొదటిసారి అంది. నంబర్లక్క నోటుబుక్కు తీసుకుని మెట్లు దిగింది. అసలు నంబరు వేస్తే ఎర్ర గీత ఖాయం. ఆ రోగి మంచం దిగి ఇంటికి పోవాలి. ఎవరికి వేయాలి ఆ ఒక్కటి? ఎవరి భార్యని పిలిచి, అమ్మా, అందరి కోసం మీ ఆయన్ని ఇంటికి తీసుకుపొమ్మని చెప్పాలి?

*

బుధవారం మధ్యాహ్నం వదిన ఆటోలో అన్నయ్యని తీసుకొచ్చింది. పెదాలు నీలంగా ఉన్నాయి. స్ట్రెచరు మీద పడుకోబెడితే ఒప్పుకోక, చేతులు వెనక్కి ఆనించి కూర్చుని, అలాగే వార్డులోకి వెళ్ళాడు. ఆక్సిజన్ పెట్టిన ముప్పావు గంటకి మనిషి తేరుకున్నాడు.

ఫైలు నంబర్లక్క బల్ల మీదికి వచ్చింది. మచ్చలు. రాతి పని, ఇరవై రెండేళ్ళు.

ఆమె ఫైలు పట్టుకుని వార్డులోకి వెళ్ళింది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, గొంతు తగ్గించి, మొత్తం చెప్పింది. నిమ్ము సంగతి, సున్నా సంగతి, ఒకటి సంగతి. అన్నయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. మాస్కు లోపల ఆవిరి పట్టడం, పోవడం, పట్టడం.

"ఐదుసార్లూ?" అన్నాడు చివరికి.

"ఐదుసార్లూ."

"మరి నేను... ఊరంతా చెప్పుకున్నానే." నవ్వబోయాడు, అది దగ్గు అయింది. తగ్గాక మాస్కు పక్కకి జరిపాడు. "వెయ్యి. నాదే... వెయ్యి."

"ఏమిటి వేసేది?" వదిన మందుల సంచి మంచం మీద పడేసి వచ్చింది. "వేస్తే ఇప్పుడే ఇంటికి పొమ్మంటారట కదా! ఇంటి దగ్గర ఈ గొట్టం ఎవరు పెడతారు? నువ్వు పెడతావా? ఆడపడుచువని ఊరుకుంటున్నాను. నీ పుణ్యానికి నా మనిషే దొరికాడా?"

వదిన అన్న ప్రతి ముక్కా నిజమే.

"దాన్నేమీ అనకు" అన్నాడు అన్నయ్య. "ఒక్క రెండు రోజులు. శుక్రవారం తేలిపోతుంది. తేలితే... మళ్ళీ వద్దాం. యజమాని ఖర్చుతో. ఈసారి... దిండు కూడా మంచిది అడుగుదాం."

నంబర్లక్క గదికి తిరిగొచ్చింది. అసలు నంబరుని ఆ ఏడేళ్ళలో ఆమె ఎప్పుడూ కొట్టలేదు. వేళ్ళకి దారి తెలియక రెండుసార్లు తప్పు పడింది, చెరిపి కొట్టింది. అన్నయ్య పేరు, వయసు, పక్కన ఆ నంబరు. పంపించు అన్న గడి మీద నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పదకొండు నిమిషాలకి ఎర్ర గీత వచ్చింది. కింద ఒక ముక్క: పని సంబంధమైన జబ్బు, వర్తించదు.

ఆ ఎర్ర గీతని చూసి ఆమెకి ఏడుపూ వచ్చింది, ఏదో పెద్ద పని చేశానన్న తృప్తీ కలిగింది. ఆ తృప్తికి తర్వాత చాలా సిగ్గుపడింది.

వదిన ఆమెతో మాట్లాడలేదు. గురువారం పొద్దున సామాను సర్దుకుని, అద్దె ఆక్సిజన్ సిలిండరు ఒకటి ఆటోలో కాళ్ళ మధ్య పెట్టుకుని, మొగుణ్ణి ఇంటికి తీసుకుపోయింది.

*

లేబర్ ఆఫీసు హాల్లో కుర్చీలు ముందు వరసల్లోనే ఉన్నాయి. అవి యజమానులకీ వాళ్ళ వకీలుకీ సరిపోయాయి. షెడ్ల వాళ్ళు ముప్పైమంది దాకా వెనక బెంచీల మీద, మిగతావాళ్ళు గోడ వెంట. ఆ గది అంతా ఒకటే దగ్గు. వకీలు రెండుసార్లు వెనక్కి తిరిగి విసుగ్గా చూశాడు.

రావద్దన్నా అన్నయ్య వచ్చాడు. సిలిండరు వదిన పట్టుకుంది. నంబర్లక్క అతనికి ఇటుపక్క కూర్చుంది.

గ్రాఫులమ్మాయి లేచి తెర మీద పటం వేసింది. ఆమె కళ్ళ కింద నల్లగా ఉంది. ఎర్ర గడి చూపించింది, నిమ్ము లెక్క చెప్పింది. తర్వాత పేజీ వచ్చేసరికి ఆమె గొంతు సన్నబడింది.

రాతిపొడి జబ్బు: సున్నా.

నంబర్లక్క ఆ సున్నాని కళ్ళు చిట్లించి మళ్ళీ చూసింది. పొరపాటున పాత పేజీ వేసిందేమో అనుకుంది. అన్నయ్య ఆమె వైపు తిరిగాడు. అడగలేదు, ఊరికే చూశాడు.

అధికారి టీ కోసం పది నిమిషాలు ఆపాడు. వరండాలో నంబర్లక్క గ్రాఫులమ్మాయి మోచెయ్యి పట్టుకుంది.

"వేశానమ్మా! బుధవారమే వేశాను. మా అన్నయ్యదే వేశాను. ఏదీ?"

"తెలుసక్కా. నిన్న సాయంత్రం ఫైలు రాగానే దానికోసమే వెతికాను." ఆమె తల అడ్డంగా ఊపింది. "లేదు. కంపెనీకి ఫోను చేసి అడిగాను. వాళ్ళు నాకు పంపేది పాసైన ఫైళ్ళేనట. ఎర్ర గీత పడినవి అసలు రికార్డులోకే ఎక్కవట. ఈ పనిలో చేరిన రెండేళ్ళుగా అన్నీ వస్తున్నాయనే అనుకున్నాను. నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు."

నంబర్లక్కకి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. "అంటే... అసలు నంబరు వేస్తే పాసవ్వదు. పాసవ్వకపోతే మీ దగ్గరికి రాదు."

"రాదు."

"అయితే నేను మొదటి రోజు నుంచీ నిజమే వేసినా..."

"సున్నాయే వచ్చేది" అంది గ్రాఫులమ్మాయి. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నంబర్లక్కకి ఆ నీళ్ళు చూస్తే జాలి కలగలేదు, అరికాలి మంట నెత్తికెక్కింది. మా అన్నయ్య నిన్నంతా ఇంట్లో ఊపిరాడక పడి ఉన్నాడు తల్లీ, ఆ ఫోనేదో సోమవారం చేయాల్సింది అందామనుకుంది. అంది కూడా. అమ్మాయి తల వంచుకుని ఆ మాటలు పడింది.

మళ్ళీ లోపలికి వెళ్ళాక గ్రాఫులమ్మాయి పిలవకుండానే లేచి నిలబడింది. "అయ్యా, ఒక మాట. ఈ లెక్కలో కంపెనీ తిరస్కరించిన కేసులు లేవు. కాబట్టి సున్నా అంటే జబ్బు లేదని కాదు."

అధికారి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "తిరస్కరించారంటే అర్హత లేదనే కదమ్మా? లేనివాటిని లెక్కలో ఎలా వేస్తాం?"

"వైద్యులు ఎవరైనా రాతిపొడి జబ్బని రాసిచ్చిన కాగితం ఒక్కటి ఉందేమో అడగండి సార్" అన్నాడు వకీలు, కుర్చీలోంచి లేవకుండానే. "రికార్డులు చూడమని కోరింది అర్జీదారులే. చూశారు. ఇంకేం కావాలి?"

నంబర్లక్క లేచింది. నోటుబుక్కు ఆమె సంచిలోనే ఉంది. బయటికి తీసి బల్ల మీద పడేస్తే చాలు, ఉద్యోగం పోతే పోయింది, జైల్లో వేస్తే వేశారు అనిపించింది. నోరు తెరిచేలోగా అన్నయ్య ఆమె మణికట్టు పట్టుకుని కిందికి లాగాడు. అతని చేతిలో అంత బలం ఇంకా ఉందని ఆమెకి తెలియదు. తల అడ్డంగా ఊపి, గడ్డంతో వెనక బెంచీలు చూపించాడు. అందులో సగంమంది ఇవాళ బతికి దగ్గుతున్నారంటే ఆ దొంగ నంబర్ల మీదే.

ఆమె కూర్చుంది. అధికారి అర్జీ కొట్టేసి, పేటలో ఇళ్ళ చెమ్మ పోగొట్టే ఉపాయాలు చూడాలని పురపాలక సంఘానికి సిఫారసు రాయించాడు. వెనక బెంచీల మీద ఎవరో పెద్దగా నవ్వారు. ఆ నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపు ఆగలేదు.

*

మెట్లు దిగుతుండగా అన్నయ్య మోకాళ్ళ మీద కూలబడ్డాడు. సిలిండరు మీటరులో ముల్లు అడుగుకి వచ్చేసి ఎంతసేపయిందో ఎవరూ చూసుకోలేదు.

ఆటోలో ఆసుపత్రికి తెచ్చేసరికి సాయంత్రం ఐదు దాటింది. ఈసారి పడుకోబెట్టినా అతను అడ్డు చెప్పలేదు. మంచం ఖరారు కావాలంటే ఫైలు పాసవ్వాలి అన్నారు కౌంటరు దగ్గర. నంబర్లక్క ఇరుకు గది తాళం తీసి, కుర్చీలో కూర్చోకుండానే నిమ్ము నంబరు కొట్టి పంపింది.

పచ్చ గీతా రాలేదు, ఎర్ర గీతా రాలేదు. ఫోను మోగింది. అవతల కంపెనీ మనిషి, చాలా మర్యాదైన గొంతు.

"మేడమ్, ఈ పేషెంటుకి బుధవారం మీరే వేరే జబ్బు పెట్టారు. ఇవాళ నిమ్ము అంటున్నారు. ఏది కరెక్టండీ?"

కిటికీ అవతల వదిన నిలబడి ఉంది. బుధవారం నుంచీ మాట్లాడని మనిషి కిటికీ చువ్వలు రెండు చేతులతో పట్టుకుని, "అమ్మాయీ, త్వరగా కానీవే. గోళ్ళు నల్లబడుతున్నాయి" అంది.

"నిమ్మండీ" అంది నంబర్లక్క ఫోనులో.

"అయితే ఏం పర్లేదు మేడమ్. బుధవారంది పొరపాటున పడిందని చిన్న లెటరు పెట్టండి. పని వల్ల వచ్చిన జబ్బేదీ లేదని ఒక లైను రాసి, డాక్టరుగారి సంతకం కూడా తీసుకుంటే ఇప్పుడే చేసేస్తాను."

ఆమె ఆసుపత్రి పేరున్న కాగితం తీసింది. బుధవారం నాడు ఈ రోగికి వేసిన నంబరు నా పొరపాటు అని రాసింది. రోగి ఊపిరితిత్తుల్లో రాతిపొడి వల్ల గానీ, చేసే పని వల్ల గానీ వచ్చిన జబ్బేదీ లేదని ధ్రువీకరిస్తున్నాను అని రాసింది. అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి. కింద సంతకం పెట్టి, హోదా రాసి, ముద్ర వేసింది. ఛాతీ డాక్టరు వార్డు గుమ్మంలోనే దొరికాడు. కాగితం చదివి, జేబులోంచి పెన్ను తీసి సంతకం చేశాడు.

ఆరు నిమిషాల్లో పాసయింది.

అన్నయ్య మంచం దగ్గర గాలి సవ్వడి మొదలైంది. కాసేపటికి గోళ్ళలో రంగు తిరిగింది. వదిన అతని అరికాళ్ళు రుద్దుతోంది. నంబర్లక్క మంచం చివర నిలబడింది. అతను కళ్ళు తెరిచి, చేతి వేళ్ళు రెండు లేపి ఏమయిందన్నట్టు తిప్పాడు.

"పాసయింది" అంది.

అతను మాస్కులోనే తల ఊపాడు. ఏం రాసిచ్చావని అడగలేదు. గోడ వైపుకి తల తిప్పుకుని, వచ్చే గాలిని జాగ్రత్తగా పీల్చుకోవడం మొదలుపెట్టాడు.